ఆఠీను తొమ్మిది

మేం పేక ఆడుతున్నామంటే ఆ సంగతి వీధి చివరి దాకా తెలుస్తుంది. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే మా రైల్వే కాలనీలో క్వార్టర్లన్నీ గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. ఈ ఇంట్లో తుమ్మితే ఆ ఇంట్లో చిరంజీవ అంటారు. పక్క క్వార్టర్లోకి కొత్తగా దిగిన బెంగాలీ దీదీ మొదటి వారమే కంగారుగా తలుపు కొట్టి, "ఏమైంది దీదీ, ఝగడా?" అని అడిగింది. ఆవిడని లోపలికి పిలిచి చూపించాను. నేల మీద చాప, చాప మీద వరసగా పేకముక్కలు, మధ్యలో గిన్నెడు ముడీ, అంటే మరమరాలు, చుట్టూ మా అత్తగారు, మా ఆయన, మా అమ్మాయి. "ఆటకేనా ఇంత అరుపు!" అని నోటి మీద చెయ్యేసుకుని వెళ్లిపోయింది.

అరుపులకి మూలం మా ఆయన. ఇంజిన్ డ్రైవరు. ఇప్పుడు లోకో పైలట్ అనాలట. కాగితాల్లో అలాగే రాస్తారు గానీ మా కాలనీలో ఇప్పటికీ డ్రైవరే. మా మామగారు రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేరి ఖలాసీగానే రిటైరయ్యారు. ఆయన కొడుకు ఇంజిన్ ఎక్కినరోజు మా అత్తగారు వీధిలో ఇంటింటికీ బూందీ పంచిందట. ఈ మాట నా పెళ్లయిన మొదటి నెలలోనే నాకు పదిసార్లు చెప్పింది. ఇప్పటికి ఎన్నిసార్లయిందో లెక్క లేదు.

ఆయన ఉద్యోగానికి ఆదివారం, పండగ అంటూ ఏవీ ఉండవు. రెస్ట్ పడిన రోజే మాకు ఆదివారం. ఆ సాయంత్రం నాలుగయ్యేసరికి మా అమ్మాయి బడి సంచీ ఓ మూల విసిరేసి చాప పరుస్తుంది. నేను ముడీలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తరిగి, ఆవనూనె ఒక చెంచా వేసి కలుపుతాను. అత్తగారు పేక తీసి కలపడం మొదలుపెడుతుంది. ముక్కలు కలపడం మాత్రం ఎవరికీ ఇవ్వదు. ఇస్తే మోసం చేస్తామని ఆవిడ భయం. ఆవిడ కలిపితే మాకు భయం.

ఆట పిల్లల ఆటే. ఆఠీను ఏడు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ముందు దాన్ని చాప మధ్యలో వెయ్యాలి. దానికి ఒక పక్క ఆరు, అయిదు, అలా ఆసు దాకా. రెండో పక్క ఎనిమిది, తొమ్మిది, అలా రాజు దాకా. డైమను, కళావరు, ఇస్పేటు కూడా వాటి వాటి ఏడుతోనే మొదలవుతాయి. వెయ్యడానికి ముక్క లేకపోతే వంతు పోతుంది. చేతిలో ముక్కలు ముందుగా అయిపోయినవాళ్లు గెలిచినట్టు. ఆఖరున మిగిలినవాళ్లు టీ పెట్టాలి. దీన్ని ఊళ్లో ఎవరేమంటారో గానీ మా ఇంట్లో లైనాట అంటాం. ఏడు స్టేషను. ఒక పక్కది అప్ లైను, రెండోది డౌన్ లైను. వెయ్యడానికి ముక్క లేనివాళ్లు "సిగ్నల్ లేదు" అని చాప మీద చేత్తో కొట్టాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. మా ఆయన దీనికి ఇంకో రూలు తగిలించారు. ఇంజిన్‌లో ఇద్దరుంటారు, డ్రైవరు, అసిస్టెంటు. సిగ్నల్ కనపడగానే ఒకరు చెయ్యెత్తి దాని రంగు గట్టిగా చెప్పాలి. రెండోవారు తమ కళ్లతో చూసి మళ్లీ గట్టిగా చెప్పాలి. మా ఇంట్లోనూ అంతే. ముక్క వేసినవాళ్లు దాని పేరు అరవాలి. తర్వాతి వంతు వాళ్లు ఆ ముక్క చూసి తిరిగి అరవాలి. అప్పుడే అది పడ్డట్టు. ఇద్దరి మాటా కలవకపోతే ఆట ఆగిపోవాలి. ఎవరిది తప్పో తేలాకే మళ్లీ కదలాలి. తప్పు చెప్పినవాళ్లకి ఒక వంతు పోతుంది.

మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు ఈ రూలు నేర్పారు. అది మొదట్లో చిలకలాగా వాళ్ల నాన్న ఏమంటే అదే అనేది. ఒకసారి ఆయన కావాలనే ఇస్పేటు నాలుగు వేసి కళావరు నాలుగన్నారు. అదీ కళావరు నాలుగంది. ఆయన దాని గడ్డం పట్టుకుని పైకెత్తి చెప్పారు. "నానేటి సెప్పినానో అది నాకెందుకమ్మా? నువ్వేటి సూసినావో అది సెప్పు. నీ కళ్లు నా కళ్లకి కాపలా." పిల్లకి అర్థమైందో లేదో అప్పుడు నాకు తెలియలేదు. ముక్కలాటకి ఇంత ఉపన్యాసమేమిటని విసుక్కుంటూ నేను ముడీ గిన్నె తీసుకుని లోపలికి పోయాను.

అసలు సంగతి మొన్నటి ఏడాది జరిగింది. అప్పటికి మా అమ్మాయికి పదమూడేళ్లు.

మా ఆయన చాలా ఏళ్లు నిమ్‌పురా యార్డు నుంచి గూడ్స్ బళ్లు నడిపారు. గూడ్స్ డ్రైవరు బతుకు ఎలా ఉంటుందో మా వీధి ఆడవాళ్లని అడగండి చెబుతారు. వండిన అన్నం చల్లారిపోవాలే గానీ మనిషి రాడు. తర్వాత పాసింజరు వచ్చింది. ఆ ఏడు మెయిల్ ప్రమోషన్ లిస్టులో ఆయన పేరు వచ్చింది. మెయిల్ డ్రైవరు! ఇంకో నెలా నెలన్నరలో ఎక్కడమే. మా అత్తగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆవిడది పలాస దగ్గర పల్లె. మెయిలు ఇటునుంచి అటే పోతుంది. కొడుకు నడిపే మెయిల్లో కూర్చుని పుట్టింటికి వెళ్లాలని ఆవిడ కోరిక. "భద్రక్ కాడ డ్యూటీ మారిపోద్ది గదే అమ్మా, అక్కడినుంచి వేరేవోడు తోల్తాడు" అని ఆయన అంటే, "భద్రక్ దాకా నా కొడుకు. అవతల ఎవడైతే నాకేటి?" అనేది. ఒక కొత్త చీర కొని, మెయిలెక్కే రోజుకని మడత విప్పకుండా పెట్టెలో దాచింది.

ఆ రోజుల్లోనే ఒక రెస్ట్ రోజున లైనాట ఆడుతున్నాం. ఆయన తర్వాతి వంతు నాది. ఆయన ఒక ముక్కని డైమను లైనులో పెట్టి "డైమన్ అయిదు!" అని అరిచారు. చూశాను. ఆఠీను అయిదు. రెండూ ఎర్రవే కదా, అలసిపోయి ఉంటారులే అనుకున్నాను. అనుకుని, తప్పని చెప్పాల్సింది. చెప్పలేదు. "డైమన్ అయిదు!" అని నేనూ అరిచేసి, లైను సర్దుతున్నట్టు చెయ్యి జాపి ఆ ముక్కని అప్పటికే ఆరు పడి ఉన్న ఆఠీను వరసలోకి జరిపేశాను. వరసలు వంకరపోకుండా సర్దడం ఎప్పుడూ నా పనే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

తర్వాతి రెస్ట్‌లో రెండుసార్లు అలాగే జరిగింది. రెండుసార్లూ సర్దేశాను. అప్పటికి నాకు అలసట కాదని తెలిసిపోయింది. హాల్లో ట్యూబ్‌లైటు మసకగా ఉంది మార్చమని ఆయన అంతకుముందే అన్నారు, మార్పించాను. కొత్తదీ మసకే అన్నారు. పేపరు పట్టుకుని కిటికీ దగ్గరికి జరిగి కూర్చోవడం చూశాను. ఒక్కొక్కటీ చూస్తూనే ఉన్నాను. డ్రైవర్లకి ఇన్నేళ్లకోసారి కళ్లు పరీక్ష చేస్తారు. ఆయనకి అది ఇంకా చాలా నెలలుంది. ఈలోపు మెయిల్ ఎక్కేస్తే చాలు, ఒక్కసారి అత్తగారిని తీసుకెళ్తే చాలు, తర్వాత చూసుకోవచ్చు. ఇదీ నా లెక్క. ఆ లెక్కలో ఆయన బండి వెనక కూర్చునే జనం లేరు. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతోంది గానీ, రాయక తప్పదు. లేరు.

మూడో రెస్ట్‌లో కూడా సర్దాను. ఈసారి మా అత్తగారి కంటబడింది. పడింది ముక్క కాదు, నా చెయ్యి. ఆవిడకి ఎనభై దగ్గరపడుతున్నా చూపు డేగ చూపు.

"సూసినావేటే గుంటా, మీ అమ్మ సెయ్యి! మొగుడి ముక్క పడగానే ఇటు అటు సేస్తంది. మొగుడూ పెళ్లాం కలిసి మన లైను మూసేస్తన్నారు!" అని చాప మీద చేత్తో బాదింది.

"అయ్యో, లైను వంకరగా ఉంటే సర్దాను అత్తయ్యా."

"సర్దినావా? నానెన్నాళ్లనించి సూస్తన్నానో నీకేటి తెలుసు? వచ్చేసారినించి నువ్వక్కడ కూకోవద్దు. నా మనవరాలు కూకుంటాది. నువ్వు నా పక్కకి రా."

మోసం చేశానని ఆవిడ నన్ను తిట్టడం నాకు కొత్త కాదు. ఇంకో రోజయితే నోటికి నోరు ఇచ్చేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధంతా తెలుసు. ఆ రోజు మాత్రం తల వంచుకుని నా ముక్కలు సర్దుకున్నాను. వద్దంటే ఎందుకంటారు. ఎందుకో చెబితే మెయిల్ పోతుంది. మా ఆయన నవ్వుతూ, "ఠీక్ హై. వచ్చే రెస్ట్‌లో నా కూతురే నా అసిస్టెంటు" అన్నారు.

ఆ వచ్చే రెస్ట్ రాకూడదని ఎంత మొక్కుకున్నా వచ్చింది. ఆట వద్దందామని తలనొప్పి అన్నాను. అత్తగారు జండూబామ్ సీసా నా ఒళ్లో పడేసి ముక్కలు పంచేసింది. కిటికీ తెరిచే ఉంది, ఎండ ఇంకా తగ్గలేదు, చాప మీద వెలుతురు బాగానే పడుతోంది. చీకటి మీదికి నెపం నెట్టడానికి కూడా లేదు. మా అమ్మాయి జడ వెనక్కి విసురుకుని వాళ్ల నాన్న పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

మొదట్లో అన్నీ సరిగ్గానే పడ్డాయి. నల్లముక్కలు పడ్డప్పుడల్లా నాకు ప్రాణం లేచొచ్చేది. ఆఠీను ఎనిమిది అత్తగారు వేసింది. డైమను ఎనిమిది నేను వేశాను. ఆయన వంతు వచ్చింది. చేతిలో ముక్కలు కాస్త ముఖానికి దగ్గరగా తెచ్చుకుని, ఒకటి తీసి, డైమను లైనులో ఎనిమిది పక్కన పెట్టారు.

"డైమన్ తొమ్మిది!"

ఆఠీను తొమ్మిది. తొమ్మిది ఆఠీన్లు ఎర్రగా నా వైపే చూస్తున్నాయి.

మా అమ్మాయి ముక్క వైపు చూసింది. వాళ్ల నాన్న వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను కళ్లతోనే చెప్పాను. అనెయ్ తల్లీ, ఆయన అన్నదే అనెయ్, నేను సర్దేస్తాను. తల్లి కళ్లు ఏం చెబుతున్నాయో కూతురికి తెలియకుండా ఉంటుందా? దానికి తెలిసింది. తెలిసే, కళ్లు దించుకుని మళ్లీ ముక్క వైపు చూసింది. చెయ్యెత్తింది.

"ఆఠీను తొమ్మిది."

మా ఆయన నవ్వారు. "సరిగ్గా సూడమ్మా."

"సూసినాను నాన్నా. ఆఠీనే."

"డైమనూ..."

"కాదు నాన్నా. ఆఠీను తొమ్మిది." ఎత్తిన చెయ్యి దించలేదు. రెండో చేతిలో ఉన్న ముక్కల్లోంచి ఒకటి బొటనవేలితో తోసి చాప మీద పడేసింది. "డైమన్ తొమ్మిది నా దగ్గరే ఉన్నాది."

ఆయన ఒంగి రెండు ముక్కలూ తీసుకున్నారు. లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు. ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు, రెండోది చూశారు. వేలితో బొమ్మల అంచు తడిమి చూశారు. వెనక్కి తిరిగి, "మాట కలవనేదు. బండి ఆగినాది" అన్నారు.

"ఆగితే ఆగింది, నీ వంతు పోయినాది. ఎయ్యండి, ఎయ్యండి" అంది అత్తగారు. ఆవిడకి ఇంకా ఏమీ తెలియదు.

"ఆట కాదమ్మా" అన్నారు ఆయన. మా అమ్మాయిని గుమ్మం దగ్గర నిలబడమన్నారు. పేకంతా దాని చేతికిచ్చి, ఒక్కొక్క ముక్కే ఎత్తి చూపించమన్నారు. తను గది ఈ చివర గోడకి ఆనుకుని నిలబడ్డారు. అది ఎత్తుతోంది, ఆయన చెబుతున్నారు. తప్పయితే అది "కాదు" అంటోంది. కళావరు, ఇస్పేటు అన్నీ చెప్పారు. ఎర్రముక్కలు వచ్చేసరికి కాదు, కాదు, కాదు. నాలుగో "కాదు" దగ్గర పిల్ల ఏడ్చేసింది. ఏడుస్తూ కూడా అబద్ధం చెప్పలేదు. కళ్లు తుడుచుకుంటూనే ముక్కలన్నీ అయ్యేదాకా ఎత్తింది. అప్పుడు ఆయన దగ్గరికి పిలిచి దాని తల నిమిరి, "నాకు ఇంతమంది అసిస్టెంట్లు వచ్చినారు గాని ఇలాంటి అసిస్టెంటు రానేదు" అన్నారు. అత్తగారికి అప్పుడు అర్థమైంది. పెట్టె ఉన్న గది వైపు ఒక్కసారి చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు తెల్లవారుజామున ఆయనకి డ్యూటీ ఉంది. ఫోన్ తీసి లాబీకి, అంటే డ్రైవర్లకి డ్యూటీలు వేసే ఆఫీసుకి, చేయబోయారు. నేను వంటింట్లోకి పిలిచాను. పిలిచి ఏమన్నానో అది కూడా చెబుతాను. "ఒక్క నెల ఆగండి. సిగ్నళ్లు ముక్కలంత చిన్నవా? దీపాలు కనబడుతున్నాయి కదా? పక్కన అసిస్టెంటు ఉంటాడు కదా? మెయిలెక్కి, మీ అమ్మని ఒక్కసారి తీసుకెళ్లి రండి. తర్వాత చూపించుకుందాం."

ఆయన కోప్పడితే బాగుండును. కోప్పడలేదు. "మా అమ్మ కూకున్న బండే ఈ కళ్లతో తోలమంటన్నావా?" అన్నారు.

గ్యాస్ మీద పాలు పొంగుతున్నా కట్టెయ్యాలని తోచలేదు. ఆయనే కట్టేశారు. కట్టి, నా మొహంలోకి చూసి, "నీకు ముందే తెలుసు గదా" అన్నారు. "ఎప్పటినించి?"

"మూడు రెస్టులు."

ఆయన వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నారు. "మూడు రెస్టులంటే, మధ్యలో ఏడు ట్రిప్పులు తోలినాను." అంతే అన్నారు. వెళ్లి లాబీకి ఫోన్ చేశారు. "కళ్లు సరిగ్గా కనపడతన్నేవు. నన్ను బండెక్కించొద్దు, సిక్ రాసుకోండి" అని స్పష్టంగా, అరిచినంత గట్టిగా చెప్పారు. నేను వంటింట్లో నిలబడి విన్నాను. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అదే క్షణంలో, నమ్మండి నమ్మకపోండి, నా మొగుడు ఇలాంటివాడని ఛాతీ పొంగింది. రెండూ ఒకేసారి ఎలా వస్తాయో నాకు తెలియదు. వచ్చాయి.

రైల్వే హాస్పిటల్లో పరీక్ష చేసి రెండు కళ్లలోనూ శుక్లాలన్నారు. డాక్టరమ్మ, "మీకు మీరే వచ్చారు, మంచిది. ఎవరు కనిపెట్టారు?" అని అడిగింది. "మా అసిస్టెంటు" అన్నారు ఆయన. ఇంజిన్‌లో అసిస్టెంటు అనుకుని ఆవిడ, "మంచి కుర్రాడు, వదులుకోకండి" అంది. అప్పుడు ఆయన కుర్చీ వెనక నిలబడ్డ మా అమ్మాయిని చెయ్యి పట్టి ముందుకి లాగి చూపించారు. బడి యూనిఫాంలో ఉంది. డాక్టరమ్మ లేచి నిలబడి దానికి షేక్‌హ్యాండ్ ఇచ్చింది. ఇంటికొచ్చేదాకా ఆ చెయ్యి అది జేబులోంచి తియ్యలేదు.

ఆపరేషన్లయ్యాయి. చూపు బాగా వచ్చింది. అయినా రూలు ప్రకారం ఇక మెయిన్ లైను మీద ఇంజిన్ ఎక్కనివ్వమన్నారు. లాబీలోనే కూర్చునే పని ఇచ్చారు. ఆయన డ్యూటీ సంచీ విప్పి ఎర్రజెండా, పచ్చజెండా, టార్చీ తీసి చాప మీద పెట్టినరోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. పక్కింటి బెంగాలీ దీదీ కిచిడీ పంపింది.

కాలనీలో తలో మాటా అన్నారు. కుళాయి దగ్గర ఒకావిడ నాతోనే, "పరీక్ష వచ్చేదాకా ఊరుకుంటే మెయిలెక్కి దిగేవోడు గదమ్మా. సేతులారా పోగొట్టుకున్నాడు" అంది. నా లోపల మొన్నటిదాకా ఉన్న మాటే ఆవిడ నోట్లోంచి వచ్చింది. అందుకే కాబోలు ఒళ్లు రెండింతలు మండింది. "ఆ మెయిల్లో నువ్వూ నీ పిల్లలూ కూర్చుంటే అప్పుడు చెప్పు తల్లీ, ఏం చెయ్యాలో!" అని బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేశాను. ఆ తిట్టు సగం ఆవిడకి, సగం నాకు.

అత్తగారు రెండు రోజులు మంచం దిగలేదు. మూడోరోజు గోల్ బజార్ వెళ్తానని బయల్దేరింది. అక్కడ మా తెలుగువాళ్ల కిరాణా దుకాణం ముందు కూర్చుని, వచ్చినవాళ్లందరికీ చెప్పిందట. "నా కొడుకు మెయిల్ డ్రైవరు. కళ్లు మసకైనాయని తనే ఆపుకున్నాడు. ఎవుడూ సెప్పనేదు, తనే. నా మనవరాలు పట్టుకున్నాది. నా పేకాటలో!" నా పేకాట అన్న దగ్గర గొంతు ఇంకాస్త పెంచిందని దుకాణంవాళ్లు నవ్వుతూ చెప్పారు. సీటు మార్పించింది తనేనని కూడా చెప్పుకోవడం మర్చిపోలేదు. నా చెయ్యి సంగతి మాత్రం ఎక్కడా ఎత్తలేదు. ఆ ముసలావిడకి నేను ఆ ఒక్కదానికీ జన్మంతా రుణపడి ఉంటాను.

తర్వాత కొన్నాళ్లకి ఆవిడ పలాస వెళ్లనే వెళ్లింది, మడత విప్పని చీర విప్పి కట్టుకునే. ఆ రోజు మెయిల్ నడిపే డ్రైవరు, లాబీలో మా ఆయన బల్ల ముందు నిలబడి సంతకం పెట్టి బయల్దేరినవాడే. ప్లాట్‌ఫారం మీద మా ఆయన అతన్ని తీసుకొచ్చి కిటికీలోంచి తల్లికి చూపించారు. "నిన్ను పంపినోడు నా కొడుకు. సూసింది సూసినట్టు సెప్పుకుంటా ఎల్లు నాయినా" అందావిడ, ఆ డ్రైవరుతో. అతను వంగి దండం పెట్టాడు.

ఇక మిగిలింది నా సంగతి.

ఆపరేషన్ల తర్వాత చాలా రోజులు మేం ఆడలేదు. ఆయన నన్ను ఏమీ అనలేదు. అననందుకే నాకు చాప తీయాలంటే భయం. చివరికి ఓ సాయంత్రం ఆయనే పరిచారు. మా అమ్మాయి అలవాటుగా పక్కన చేరబోతే, "నువ్వు అటు జరగమ్మా. ఇయ్యాల మీ అమ్మ నా పక్కన" అన్నారు.

"మళ్లీ మొగుడూ పెళ్లామా! నానొప్పుకోను" అని అత్తగారు లేచింది.

"నువ్వే సూడమ్మా. ఈసారి సెయ్యి కదిపితే ఆట నీదే" అన్నారు.

ముక్కలు పడుతున్నాయి. ఆయన కేకలు మునుపటిలాగే ఖంగుమంటున్నాయి, అన్నీ సరిగ్గానే. ఆఠీను తొమ్మిదీ పడింది, డైమను తొమ్మిదీ పడింది. ఆయన ఒక ముక్క తీశారు. దూరంగానే పట్టుకుని చూశారు. తాపీగా డైమను లైనులో పెట్టారు.

"డైమన్ పది!"

ఆఠీను పది. నా చెయ్యి దానంతటదే ముందుకి లేచింది, ఆ ముక్కని పక్కకి జరపడానికి. అలవాటు చెడ్డది. వేళ్లు ముక్కకి తగిలాయి కూడా. దేవుడా, మళ్లీనా, ఆపరేషన్ చేశాక కూడానా అని లోపల కూలిపోతున్నాను. ఎదురుగా మా అమ్మాయి నన్నే చూస్తోంది. ఆ రోజు ముక్క వైపు, నాన్న వైపు, నా వైపు చూసిన కళ్లు అవే.

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. లాక్కుని, పైకెత్తాను.

"ఆఠీను పది!"

ఎంత గట్టిగా అరిచానంటే గోడ అవతల బెంగాలీ దీదీ చేతిలో గిన్నె కింద పడిన చప్పుడు వినపడింది.

"సరిగ్గా సూడు" అన్నారు ఆయన.

"చూశాను. ఆఠీను పది. మాట కలవలేదు, బండి ఆపండి!" అన్నాను. కళ్లనీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు.

ఆయన పెదవుల చివర నవ్వు కనపడింది. అప్పటికి గానీ అర్థం కాలేదు, ఆయన కళ్లకేమీ కాలేదని. ముక్క తీసి తన చేత్తోనే ఆఠీను లైనులో పెట్టబోయారు. అత్తగారు ఆయన చేతి మీద ఒక్కటిచ్చింది.

"కావాలని సెప్పినా తప్పు తప్పే. తీసీ. వంతు పోయినాది."

ఆయన ముక్క వెనక్కి తీసుకున్నారు. నా వైపు తిరిగి, కొత్త అసిస్టెంటుకి చెప్పినట్టు తల ఊపి, "పాసు" అన్నారు.

మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఆ రోజు ఆట నేను ఓడిపోయాను. అందరికీ టీ నేనే పెట్టాను, పక్కింటి దీదీకి కూడా.